పాయింట్ల పరిత్యాగ పథకం

మత్స్యశాఖలో ఇరవై రెండేళ్ళు పనిచేసిన నన్ను ఎలక్ట్రానిక్ పోరాట క్రీడల ప్రోత్సాహక మండలికి సూపరింటెండెంటుగా ఎందుకు వేశారని మొదట్లో చాలామంది అడిగేవారు. జవాబు తేలికే. మండలికి భవనం కావలసి వచ్చింది. కాకినాడలో మత్స్యశాఖ వారి పాత శిక్షణ భవనం ఖాళీగా ఉంది. భవనంతో పాటు బీరువాలు వెళ్ళాయి, బీరువాలతో పాటు నేనూ వెళ్ళాను. బదలాయింపు జాబితాలో నాది పద్నాలుగో అంశం. పదమూడోది గోడ గడియారం.

టీవీ తెర మీద ఇద్దరు బొమ్మ మనుషులు తన్నుకునే ఆటలో రాష్ట్ర యువతను తీర్చిదిద్దడం మండలి పని. మా చిన్నతనంలో ఇలాంటి ఆటకి వెళ్తే ఇంట్లో వీపు విమానం మోత మోగేది. ఇప్పుడు దేశవ్యాప్తంగా పోటీలు పెట్టి పతకాలిస్తున్నారు కనక ప్రభుత్వం వారికి ఆ ఆటంటే గౌరవం కలిగింది. మా దగ్గర పన్నెండు మంది శిక్షణ తీసుకునేవారు. ఒక్కొక్కరికీ ఒక టీవీ, చేత్తో పట్టుకుని మీటలు నొక్కే ప్యాడ్ ఒకటి. ఇంటర్నెట్లో ఎక్కడెక్కడి వాళ్ళతోనో ఆడతారు. గెలిస్తే పాయింట్లు పెరుగుతాయి, ఓడితే తగ్గుతాయి. ఆ పాయింట్లని బట్టి కంచు, వెండి, బంగారం అని మూడు తరగతులు. ఇది నేను మొదటి వారంలోనే నేర్చుకున్నాను. అంతకు మించి తెలుసుకోవలసిన అవసరం నా ఉద్యోగానికి లేదు.

పన్నెండు మందిలో నసీమా అని జగన్నాథపురం అమ్మాయి ఒకతె ఉండేది. మగ్గం పని చేసేది. పెళ్ళికూతుళ్ళ జాకెట్ల మీద పూసలూ జరీ కుట్టీ కుట్టీ ఆ వేళ్ళకి చూపు కంటే వేగం ఎక్కువ వచ్చింది. ఫిబ్రవరిలో పుణెలో అఖిల భారత పోటీ ఉంది. రాష్ట్రానికి ఒక్కటే సీటు, పాతికేళ్ళ లోపు వారికే. నసీమాకి మార్చి ఏడో తేదీన పాతికేళ్ళు నిండుతాయి. కాబట్టి ఆమెకి ఈ ఏడాది తప్పితే మరి లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు గానీ, హాల్లో వేలాడే క్యాలెండరు దగ్గర ఆగి చూడడం నేను గమనించేవాణ్ణి.

మా కోచ్ ఏసుపాదం పాతికేళ్ళ క్రితం మెయిన్ రోడ్డులో వీడియో గేముల దుకాణం నడిపిన మనిషి. సెల్‌ఫోన్లు వచ్చాక దుకాణం మూతపడింది. మండలి వారు ఆయన్ని వెతికి పట్టుకుని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. నసీమా బంగారు తరగతిలో ఉందని అందరం మెచ్చుకుంటుంటే ఆయన మాత్రం పెదవి విరిచేవాడు. ఆ అమ్మాయి తెర మీద ఓ మూల నిలబడి దూరం నుంచి నిప్పు ఉండలు విసురుతుంది, ఆ ఒక్క విద్యతోనే గెలుస్తుంది. ఎవరైనా వాటి మీదుగా గాల్లోకి ఎగిరి నెత్తిన దూకితే చేష్టలుడిగి నిలబడిపోతుంది. దూకేవాణ్ణి గాల్లోనే కొట్టి పడెయ్యడం నేర్చుకోవాలంటే మొదట చాలాసార్లు ఓడాలి. ఓడితే పాయింట్లు పోతాయి. అందుకని ఆ జోలికే పోదు. ఒకరోజు ఏసుపాదం ఆమె వెనకాల నిలబడి చెప్పాడు.

"అమ్మాయ్, నువ్వు ఆటాడ్డం లేదు, పాయింట్లకి కాపలా కాస్తన్నావ్. పోతే పోనియ్. నెల్రోజులు ఓడిపో. పైనించి దూకినోణ్ణి దూకినట్టే కిందికి దించు. ఆ ఒక్కటీ తప్ప ఇంకేం చూడకు."

మొదటి వారం ఆమె ఏడ్చింది. బంగారం నుంచి వెండికి, వెండి నుంచి కంచుకి దిగిపోయింది. మూడో వారంలో పది దూకుళ్ళలో మూడు దించింది. ఆ సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి మంచినీళ్ళు అడిగి, చేతులు తేలికగా ఉన్నాయండీ అని చెప్పి వెళ్ళింది. రోజూ ఆమెకి ఎదురుగా కూర్చుని దూకేవాడు ఉప్పాడ కుర్రాడు నూకరాజు. మా కేంద్రంలో వాడంత చక్కగా దూకేవాడు లేడు. ఆమెని అక్కా అంటాడు, ఆట దగ్గర మాత్రం అక్కని జాలి లేకుండా కొడతాడు. నెల తిరిగేసరికి వాడి దూకుళ్ళలో సగం ఆమె నేలకి దించేస్తోంది. ఆ ఊపులోనే ఏలూరులో జరిగిన జోనల్ పోటీకి వెళ్ళి గెలిచి వచ్చింది.

అంతవరకూ అంతా బాగానే ఉంది. గెలిచిన సంగతి డైరెక్టరు గారికి తెలియడంతో చిక్కు మొదలైంది.

మా డైరెక్టరు చిదంబరేశ్వర్ గారు ప్రణాళికా శాఖలో పేరు పొందిన అధికారి. ఆట ఎప్పుడూ చూడలేదు. శాతాలు చూస్తారు. సమీక్షా సమావేశం పెట్టి, పన్నెండు మందిలో ఈ అభ్యర్థిని ఒక్కరే విజయం సాధించడానికి దోహదపడిన అంశమేమిటని అడిగారు. ఏసుపాదం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పాయింట్లు వదిలేసిందండి, అందుకే ఆట వచ్చింది అన్నాడు. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చారు.

"మిగతా పదకొండు మంది దగ్గర ఇంకా పాయింట్లున్నాయా?"

ఉన్నాయండి అన్నాను.

"ఎందుకున్నాయి?"

ఆ ప్రశ్నని నేను మినిట్స్‌లో రాసుకున్నాను.

వారం తిరక్కుండా సర్క్యులర్ వెలువడింది. దాని ముసాయిదా రాసింది నేనే. "క్రీడాకారుల పురోభివృద్ధికి పాయింట్ల పట్ల మమకారమే ప్రధాన అవరోధమని మండలి దృష్టికి వచ్చినందున, ప్రతి శిక్షణార్థి వారమునకు రెండు వందలకు తక్కువ కాకుండా పాయింట్లను పరిత్యజించి, అట్టి పరిత్యాగమును నిర్ణీత నమూనాలో మూడు ప్రతులలో ధ్రువీకరించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది." రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదు. మత్స్యశాఖలో ఇరవై రెండేళ్ళుగా చేపపిల్లల విడుదల గురించే రాసినవాణ్ణి, పరిత్యాగం అనే మాట వాడే అవకాశం నాకు అంతకుముందు రాలేదు.

ఏసుపాదం సర్క్యులర్ చదువుకుని డైరెక్టరు గారి గదికి వెళ్ళాడు. నేను ఫైలు పట్టుకుని అక్కడే ఉన్నాను. పాయింట్లు పోగొట్టుకోమని తను చెప్పలేదనీ, వాటిని పట్టించుకోవద్దని మాత్రమే చెప్పాననీ ఆయన విన్నవించుకున్నాడు. డైరెక్టరు గారు ఓపిగ్గా విన్నారు.

"పట్టించుకోకపోవడాన్ని కొలవగలమా, ఏసుపాదం గారూ?"

"లేదండి."

"పోగొట్టుకోవడాన్ని?"

"అది కొలవచ్చండి. తెర మీదే కనపడద్ది."

"అయితే మనకి అదే."

మొదటి వారం పిల్లలు నిజంగానే కొత్త కొత్తవి ప్రయత్నించి ఓడిపోయారు. రెండో వారంలో ఎవడో ఒక సంగతి కనిపెట్టాడు. ఆడి ఓడిపోవడానికి చాలా సమయం పడుతుంది. ప్యాడ్ బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని కూర్చుంటే పది నిమిషాల్లో నాలుగు ఓటములు పూర్తవుతాయి. వారం కోటా సోమవారం టీ వేళకి అయిపోతుంది. మూడో వారానికి పదకొండు ప్యాడ్లూ బల్లల మీదే ఉన్నాయి. ఇదివరకు వడగళ్ళు పడ్డట్టు మీటల చప్పుడు వినిపించే హాలు నిశ్శబ్దమైపోయింది. తెరల మీద మా పిల్లల బొమ్మలు ఎవరెవరి చేతో తన్నులు తింటుంటే, పిల్లలు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కబుర్లు చెప్పుకునేవారు. డైరెక్టరు గారు తనిఖీకి వచ్చి హాలు మధ్యలో కాసేపు కళ్ళు మూసుకు నిలబడ్డారు. శిక్షణార్థులలో నెలకొన్న ప్రశాంతత అభినందనీయమని తనిఖీ పుస్తకంలో రాశారు.

ఆ ప్రశాంతతని ప్రోత్సహించడానికి గోడకి ఒక పట్టిక పెట్టారు. ఎవరు ఎన్ని పాయింట్లు వదిలారో ప్రతి శనివారం అందులో రాయాలి. ఎక్కువ వదిలినవారు పైన. మొదటి నెల నూకరాజు అగ్రస్థానంలో నిలిచాడు. అందరికంటే ఎక్కువ పాయింట్లున్నవాడు వాడే కనక పోగొట్టుకోవడానికి వాడికి వీలు ఎక్కువ. వాడికి శాలువా కప్పారు. కప్పుతున్నంతసేపూ వాడు నేల చూపులు చూశాడు. మిగతావాళ్ళు మాత్రం ఆ పట్టిక ముందు గుమిగూడి లెక్కలు చూసుకునేవారు. ఫలానావాడు నాకంటే నలభై ఎక్కువ వదిలినట్టు రాశారు, అది అబద్ధం, వాడు మధ్యలో ఒకటి గెలిచాడు, కావాలంటే విచారించండి అని నాకు అర్జీలు రావడం మొదలైంది. అయిదు అర్జీలు నేనే విచారించాను. ఒకడు పొరపాటున మీట మీద మోచెయ్యి ఆనించి గెలిచినట్టు తేలింది. వాడిచేత సంజాయిషీ రాయించాను.

పట్టికలో అట్టడుగున నసీమా. ఏసుపాదం చెప్పినట్టే ఆమె ఆడుకుంటూ పోతోంది. ఓడినప్పుడు ఓడుతోంది, కానీ ఇప్పుడు ఎక్కువసార్లు గెలుస్తోంది. నెలాఖరుకి ఆమె పాయింట్లు మూడు వందల పది పెరిగాయి. మెమో తయారు చెయ్యమన్నారు, చేశాను. ఏ విధానం వలన మండలికి స్ఫూర్తి కలిగినదో అదే విధానమును ఉల్లంఘించి పాయింట్లను కూడబెట్టుచున్నందుకు మీపై తగు చర్య ఎందుకు తీసుకొనరాదో మూడు దినములలోగా తెలుపవలెను. ఆమె తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాసి ఇచ్చింది. నేను పాయింట్లు చూడడం లేదండి. అవే పెరుగుతున్నాయి. డైరెక్టరు గారు దాని మార్జిన్లో, సమాధానం సంతృప్తికరంగా లేదు, అభ్యర్థిని కౌన్సెలింగుకు పంపవలెను అని రాశారు.

నవంబరు వచ్చేసరికి మరో సమస్య వచ్చిపడింది. నసీమా తప్ప మిగతా పదకొండు మంది పాయింట్లూ సున్నాకి చేరాయి. ఆటలో సున్నాకి దిగువ ఇంక లేదు. కానీ త్రైమాసిక లక్ష్యం ఇంకా నలభై శాతం మిగిలి ఉంది. సున్నా దగ్గరే ఆగిపోవడం ఏమి శాస్త్రీయం అని డైరెక్టరు గారు బాధపడ్డారు. రుణ పాయింట్లకు, అంటే మైనస్ పాయింట్లకు, అవకాశం కల్పించవలసిందిగా ఆట తయారుచేసిన కంపెనీకి లేఖ రాశాం. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని అదే నిమిషంలో జవాబు వచ్చింది. కంపెనీ సానుకూలంగా స్పందించినట్టు ఫైల్లో పెట్టాను.

ఈలోగా లక్ష్యం పూర్తి కావాలి. వదలడానికి పాయింట్లు కావాలంటే ఎవరో ఒకరు సంపాదించి పెట్టాలి. సంపాదించగలిగినది కేంద్రం మొత్తానికి ఒక్కతే. పాయింట్ల సమీకరణ బాధ్యతను తాత్కాలిక ప్రాతిపదికన నసీమాకి అప్పగిస్తూ ఉత్తర్వు జారీ అయింది. పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆమె పదకొండు మంది ఖాతాల్లోనూ కూర్చుని గెలవాలి. మధ్యాహ్నం రెండు నుంచి వాళ్ళు వాటిని పరిత్యజిస్తారు. రోజుకి ఇన్ని అని ఆమెకి కోటా. తగ్గితే పదకొండు మందీ ఆమె మీదికి వచ్చేవారు. అక్కా, నిన్న నాకు ఎనభై తక్కువిచ్చావు, పట్టికలో దిగిపోయాను అని గొడవ. ఓటమి అంటే భయం మానుకోవడానికి నెల్లాళ్ళు ఓడిన పిల్ల నెత్తిన పదకొండు మంది పాయింట్ల భయాన్ని తెచ్చి పెట్టాం. కోటా తప్పకూడదంటే ఖాయంగా గెలవాలి. ఖాయంగా గెలవాలంటే పాత విద్యే దారి. ఆమె మళ్ళీ తెర మీద మూల చేరి నిప్పు ఉండలు విసరడం మొదలుపెట్టింది. నేర్చుకున్నదంతా పోతోందని ఏసుపాదం తల పట్టుకున్నాడు.

మిగిలింది భోజన విరామం. పాత సామాన్ల గదిలో మత్స్యశాఖ వారి వలల పక్కన ఒక టీవీ ఉండేది. నసీమా, నూకరాజు డబ్బా అన్నం పది నిమిషాల్లో ముగించి అక్కడ చేరేవారు. వాడు దూకేవాడు, ఆమె దించేది. ఏసుపాదం గుమ్మంలో కాపలా నిలబడేవాడు. కోటా కోసం కాకుండా గెలవాలని ఆడే ఆట మా కేంద్రంలో నియమ విరుద్ధం కాబట్టి ఆ గదిలో ఏం జరుగుతోందో నేను చూడాలి. ఆ నలభై నిమిషాలూ నేను మేడ మీద ఉండేవాణ్ణి.

జనవరిలో పుణె సీటుకి ఎంపిక వచ్చింది. పట్టికలో మొదటివాడు కనక నూకరాజు ఒక అభ్యర్థి. జోనల్ విజేతను పరిశీలించి తీరాలని పోటీ నిర్వాహకుల నిబంధన ఉంది కనక నసీమా రెండో అభ్యర్థి. ఇద్దరూ ఒక్క రౌండు ఆడాలని, గెలిచినవారిని పంపాలని ఏసుపాదం కోరాడు. ఆయన ఆటల మనిషి, అంతకంటే ఆలోచించలేడు.

"గెలిచినవారిని పంపితే ఇన్నాళ్ళ మన విధానం ఏమైనట్టు?" అన్నారు డైరెక్టరు గారు. "పాయింట్లను వదిలినవారు ఉత్తములు. విజయాన్నే వదలగలిగినవారు అంతకంటే ఉత్తములు. ఓడినవారిని పంపుదాం."

నియమావళి నేనే రాశాను. రౌండు అరవై సెకన్లు. ఇద్దరిలో ఎవరు ఓడిపోతే వారే రాష్ట్ర ప్రతినిధి. ప్యాడ్ బల్ల మీద పెడితే గైర్హాజరు కింద లెక్క, చేతిలో పట్టుకునే ఉండాలి. ఇద్దరూ సమానంగా నిలిస్తే రౌండు తిరిగి ఆడించాలి.

ఎంపిక రోజున నసీమా పది గంటలకే వచ్చి మెట్ల మీద కూర్చుంది. లోపలికి వెళ్తూ పలకరించాను. ఆమె నిబంధనల కాగితం నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుని ఉంది.

"కదలకుండా నిలబడతానండి. ఎంతసేపైనా నిలబడతాను. వాడు కొట్టేదాకా. నేను పుణె వెళ్ళాలండి."

హాల్లో ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. మధ్యలో డైరెక్టరు గారు, ఒక పక్క ప్రణాళికా శాఖ నుంచి వచ్చిన ఉపసంచాలకులు, రెండో పక్క నిర్మోహ విషయ నిపుణులుగా పిలిపించిన ఒక విశ్రాంత ప్రిన్సిపాలు గారు. పదకొండుకి మొదటి రౌండు మొదలైంది. తెర మీద బొమ్మలిద్దరూ పిడికిళ్ళు బిగించి ఎదురెదురుగా నిలబడ్డారు. అరవై సెకన్లూ అలాగే ఊపిరి పీల్చుకుంటూ నిలబడ్డారు. సమానం అని తెర మీద వచ్చింది. కమిటీ చప్పట్లు కొట్టింది. ఇంతటి సంయమనం తమ ముప్పై రెండేళ్ళ బోధనానుభవంలో చూడలేదని ప్రిన్సిపాలు గారు అన్నారు.

రెండో రౌండూ అంతే. ఒక్కో రౌండు ఫలితాన్నీ మూడు ప్రతులలో నమోదు చేశాకే తర్వాతిది మొదలుపెట్టాం. పదో రౌండు దగ్గర టీ వచ్చింది. పదిహేనో రౌండు దగ్గర ఉపసంచాలకులు ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు. ఇరవయ్యో రౌండుకి ప్రిన్సిపాలు గారు నిద్రపోయారు, నేను మినిట్స్‌లో ధ్యానముద్ర అని రాశాను. ఆ గంటన్నరలో ఇద్దరు పిల్లల చేతులూ ప్యాడ్ల మీద ఉన్నాయి, ఒక్క వేలు కదల్లేదు. నసీమా నుదుటి మీద చెమట పట్టింది. నూకరాజు మధ్యమధ్యలో ఆమె వైపు చూస్తున్నాడు. సీటు మీద ఆశతోనే వాడు కదలకుండా ఉన్నాడనుకుని నాకు వాడి మీద కోపం వచ్చింది. అక్కా అక్కా అంటూ తిరిగినవాడు ఆమెకి ఉన్న ఒక్క అవకాశాన్నీ పట్టుకు కూర్చున్నాడు కదా అని మనసులో తిట్టుకున్నాను.

అది తప్పని తర్వాత వాడే చెప్పాడు. వాడు మొదటి నుంచీ ఆమెని గెలిచి, ఆమెకి సీటు ఇచ్చేద్దామనే ఉన్నాడు. కానీ ఇన్ని నెలలుగా హాల్లో అందరి ముందూ ప్యాడ్ వదిలేసి కూర్చున్నవాడు, కమిటీ ముందు సాహసించి కొట్టడానికి భయపడ్డాడు. కొడితే పూర్తిగా కొట్టాలి, మధ్యలో డైరెక్టరు గారు ఆపించేస్తే ఇద్దరికీ సీటు దక్కదు. ఆఖరి మూడు సెకన్లలో ఒక్క దెబ్బ తగిలిస్తే చాలు, ఎవరికీ ఆపే వ్యవధి ఉండదు, గంట మోగేసరికి ఒక దెబ్బ తేడాతో అక్క ఓడిపోతుంది, ఓడిపోతే సీటు ఆమెదే. ఇది వాడి లెక్క. ధైర్యం కూడదీసుకోవడానికి వాడికి ముప్పై మూడు రౌండ్లు పట్టింది.

ముప్పై నాలుగో రౌండులో గడియారం మూడు చూపిస్తుండగా నూకరాజు బొమ్మ గాల్లోకి లేచింది. వాడు ఎంత బాగా దూకేవాడో నేను మర్చిపోయాను. తెర పైఅంచు దాకా వెళ్ళి, కాలు చాపి, సరిగ్గా ఆమె నెత్తి మీదికి దిగాడు.

నసీమా బొమ్మ పిడికిలి పైకి లేచింది. ఒక్క దెబ్బ. నూకరాజు గాల్లోనే విరుచుకుపడి వెల్లకిలా నేలకూలాడు. గంట మోగింది. తెర మీద ఆమె గెలిచినట్టు పెద్ద అక్షరాలు వచ్చాయి.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఏసుపాదం, దించేసింది, అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. నసీమా తన చేతి కేసి చూసుకుంది. రెండు క్షణాలు ఆమె ముఖం విప్పారి, పెద్దగా నవ్వేసింది. ఆలోచించకుండా, చూడకుండా, రెండు గంటలు బిగబట్టి కూర్చున్న చేతికి ఆ దెబ్బ తనంతట తనే వచ్చింది. ఆమె నేర్చుకోవాలనుకున్నది సరిగ్గా అదే. ఆ తర్వాత గోడ మీది క్యాలెండరు కేసి చూసింది. నవ్వు ఆగిపోయింది.

మినిట్స్ నేను రాశాను. కుమారి నసీమా సుదీర్ఘ సంయమనం అనంతరం విజయకాంక్షను అదుపు చేసుకొనలేకపోయినందున అనర్హురాలు. నూకరాజు లేచి నిలబడ్డాడు. 

"సార్, నేను గెలుద్దామనే దూకేనండి. గెలిచేసి సీటు అక్కకి ఇచ్చేద్దామనండి. ఓడిపోయింది నేనండి, అక్క తప్పేం లేదండి. అక్కని పంపండి."

డైరెక్టరు గారు నియమావళి తిరగేశారు. గెలవాలని ప్రయత్నించి ఓడినవారికి, ఓడాలని ప్రయత్నించి ఓడినవారికి అందులో తేడా లేదు. ఓడినవాడు ఓడినవాడే కనక సీటు నూకరాజుదే. నాకొద్దండి అన్నాడు వాడు. రాసివ్వమన్నారు, రాసిచ్చాడు. ఆ కాగితం చదువుతుంటే డైరెక్టరు గారి ముఖంలో వెలుగు వచ్చింది. పాయింట్లే కాదు, విజయాన్నే కాదు, సీటునే వదిలేసిన వ్యక్తి మన కేంద్రం నుంచి తయారయ్యాడు, మన పథకం శిఖరాన్ని చేరింది అన్నారు.

అయితే సీటు నసీమాకి ఇచ్చెయ్యవచ్చు కదండీ అని అడిగాను. నా ఉద్యోగంలో అడగకూడని ప్రశ్న అడగడం అదొక్కసారే. ఆయన నా వైపు జాలిగా చూశారు. వదిలిన దానిని వేరొకరు ఏరుకుంటే వదలడానికి విలువేముంది అన్నారు. రాష్ట్రమే ఆ సీటును పరిత్యజిస్తున్నట్టు పుణెకి లేఖ వెళ్ళింది. దేశంలో ఇలా చేసిన తొలి రాష్ట్రం మనదేనని ప్రత్యేకంగా రాయించారు. అందినట్టు తెలియజేస్తూ వాళ్ళు ఒక వాక్యం పంపారు. మా స్థానంలో ఎవరినో వేరే రాష్ట్రం వాళ్ళని తీసుకున్నారు.

ఫిబ్రవరిలో పుణెలో పోటీ మొదలైన రోజునే ఇక్కడ అభినందన సభ ఏర్పాటైంది. హాలుకి మావిడాకులు కట్టారు. ఉపసంచాలకులు వచ్చారు, ప్రిన్సిపాలు గారు వచ్చారు. పదిన్నరకి నూకరాజు పేరు పిలిచారు, వాడు లేడు. వాడి శాలువా కుర్చీకి కప్పారు. నన్ను వెళ్ళి పిలుచుకు రమ్మన్నారు.

సామాన్ల గదిలో ఇద్దరూ ఆడుతున్నారు. ఏసుపాదం వలల మీద కూర్చుని చూస్తున్నాడు. నూకరాజు దూకుతున్నాడు, నసీమా దించుతోంది. ఒక్కోసారి వాడు దూకినట్టే దూకి వెనక్కి తగ్గి, ఆమె చెయ్యి గాల్లో ఉండగా కింద నుంచి కొడుతున్నాడు. అప్పుడు ఆమె ఓడిపోతోంది. ఎవరెన్ని గెలిచారో గోడ మీద గానీ కాగితం మీద గానీ ఎక్కడా రాసి లేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను గానీ పిలవలేకపోయాను. నసీమా తెర మీంచి కళ్ళు తిప్పకుండానే మాట్లాడింది.

"పుణె వెళ్ళినా మొదటి రౌండులోనే ఓడిపోయేదాన్నేమోనండి."

అలా ఏమీ ఉండదమ్మా, నువ్వు బాగా ఆడతావు అని నేను ఏదో అనబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కాదండి. ఓడిపోవాలనే ఉండేది. నా చేతనైనదంతా ఆడి, నాకంటే బాగా ఆడేవాళ్ళ చేతిలో, ఒక్కసారి నిజంగా ఓడిపోవాలని."

హాల్లోంచి చప్పట్లు వినిపించాయి. ఎవరో నా పేరు పెట్టి పిలుస్తున్నారు. నాకు చాలా సిగ్గేసింది. వెళ్ళకుండా, అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. తెర మీద కొత్త రౌండు మొదలైంది, నూకరాజు దూకాడు.